గంజులోంచి తీసిన మూడు కార్డులు

నేను చదివింది నాలుగో తరగతి దాకే. దీర్ఘాలు, ఒత్తులు నాకు అప్పుడూ సరిగా రాలేదు, ఇప్పుడూ రావు. నలుగురు చదివేలా ఏదైనా రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా మాట వంకర పోతే ఏమీ అనుకోవద్దు.

మొన్న శుక్రవారం మా రూము మామను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాను. మామ అంటే నాకు చుట్టం కాదు. బహ్రెయిన్‌లో మేముండే పేట నయీమ్‌లో మా రూములో ఏళ్ల తరబడి వంట చేసిన మనిషి, అందరికీ మామే. ఇక తిరిగి రాడు. లోపలికి పోయే ముందు నా భుజం పట్టుకొని ఒక మాట చెప్పాడు. ఆ మాట చివర్లో రాస్తాను. ముందు మా మేడం సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

ఇక్కడే రిఫా ఊళ్లో ఉండే ఒక అమెరికా టీచరమ్మకు నేను బండి నడుపుతాను. కొన్నేళ్ల కింద ఒక పొద్దున ఆమె బండి ఎక్కుతూనే, ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసిందని, తనకు జ్యూరీ డ్యూటీ పడిందని చెప్పింది. మాకు డ్యూటీ అంటే ఒకటే అర్థం. జ్యూరీ అన్నది నా చెవికి జ్యువెలరీ అని వినబడింది. బంగారం షాపులో పని దొరికిందనుకొని, ఓవర్‌టైం ఇస్తారా మేడం అని అడిగాను. ఆమె సిగ్నల్ దాకా నవ్వింది. తర్వాత నాకు అర్థమయ్యే తేలిక ఇంగ్లీషులో ఓపికగా చెప్పింది. వాళ్ల దగ్గర కోర్టులో ఒక మనిషి తప్పు చేశాడా లేదా అన్నది తేల్చేది మామూలు జనమేనట. ఓటున్నవాళ్లు, లైసెన్సు ఉన్నవాళ్లు, అందరి పేర్లూ కలిపి కంప్యూటర్ చీటీలు తీసినట్టు తీస్తుందట. పేరు వస్తే పోవాల్సిందే. దూరదేశంలో ఉంటే రాలేనని రాసి పంపొచ్చు, ఆమె అదే చేస్తానంది. పోయినవాళ్లను జడ్జి కూర్చోబెట్టి అడుగుతాడు, ఆ మనిషి నీకు తెలుసా, ముందే ఏమైనా మనసులో పెట్టుకున్నావా అని. రెండు పక్షాల వాళ్లూ కొంతమందిని ఎందుకో చెప్పకుండానే వద్దనొచ్చు. చివరికి మిగిలిన పన్నెండు మంది ఒక్క మాట మీదికి రావాలి. అనుమానం మిగిలితే మనిషి మీద తప్పు వేయకూడదు. చదువు చూడరా మేడం అన్నాను. చూడరు, వయసులో ఉన్నప్పుడు నేను ఒకసారి కూర్చున్నాను, నా పక్కన ఒక బస్సు డ్రైవర్ కూర్చున్నాడు అంది. డ్రైవరా అని ఇంకోసారి అడిగాను. డ్రైవరే అంది. ఆ రోజంతా స్టీరింగ్ పట్టుకున్న నా చేతులను నేనే కొత్తగా చూసుకున్నాను. మా ఊళ్లో పంచాయితీ అంటే ఎప్పుడూ అవే నాలుగు కుర్చీలు, వాటిలో అవే నాలుగిళ్ల మనుషులు. మాలాంటి వాళ్లం చెప్పుల దగ్గర నిలబడి వినేవాళ్లం.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక శుక్రవారం మా వంటగదిలో మంట లేచింది. పొయ్యి మీద నూనె మూకుడు అంటుకొని, కిటికీ, దాని పక్కన అలమారా కాలిపోయాయి. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు. బిల్డింగు చూసుకునే నాతూర్ వచ్చి, ఎవరు పొయ్యి వదిలేశారో సాయంత్రంలోగా పేరు చెప్పండి, ఆ మనిషి బయటికి పోవాలి, లేకపోతే అందరూ పోవాలి అన్నాడు. అందరి కళ్లూ మామ మీద పడ్డాయి. మోకాళ్లు అరిగిపోయి కట్టడం పని మానేసి, వంట మీదే బతుకుతున్న మనిషి. ఈ రూము పోతే ఆయనకు బహ్రెయిన్‌లో ఇంకో గడప లేదు. "నేను బంద్ చేసిన" అని ఒక్క మాటే అన్నాడు. మా రూములో పెద్ద కాకా. ఆయన ఏది అంటే అదే తీర్పు. ఆయన గొంతు సవరించుకుంటుంటే నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, మేడం చెప్పిందంతా చెప్పేశాను.

"నీ మేడం కోర్టు నయీమ్‌ల నడ్వది తమ్మీ. ఈడ గంజులున్నయి గని జడ్జిలు లేరు" అన్నాడు కాకా. అందరూ నవ్వారు. కానీ గంజు అన్న మాట పట్టుకొని పక్క రూము భాయ్, కరీంనగర్ దిక్కు ఆయన, మేం అన్నం వండే పెద్ద గిన్నె, ఆ గంజే, కడిగి తెచ్చాడు. పేర్లు రాయడం మాలో సగం మందికి రాదు. అందుకని మామ తప్ప రెండు రూముల వాళ్లం, ఇక్కడ అందరి దగ్గరా ఉండే గుర్తింపు కార్డు, సీపీఆర్, ఎవరిది వాళ్లం అందులో వేశాం. పన్నెండు మందిని ఎక్కడి నుంచి తెస్తాం, ముగ్గురు చాలనుకున్నాం. గంజు ఊపితే కార్డులు గలగలమన్నాయి.

మొదటి కార్డు మామ మేనకోడలిని చేసుకున్న బావది. చుట్టరికం అని పక్కన పెట్టాం. తర్వాతది, కూరలో ఉప్పు గురించి రోజూ కొట్లాడే అన్న కార్డు. మామ మీద కోపమున్నదా అని అడిగితే, "మామ మీద లేదు, ఉప్పు మీద ఉన్నది" అన్నాడు. అదీ పక్కకే. ఆ తర్వాత కాకా కార్డు వచ్చింది. కాకా సర్దుకొని కూర్చున్నాడు. అప్పుడు మామ తల ఎత్తకుండా, "కాకా వద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు?"

"కారణం అడగద్దు కాకా. అది రూలు" అన్నాను. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది. ఆ రూములో కాకాను వద్దన్నవాళ్లు అప్పటిదాకా లేరు. ఆయన కార్డు తీసుకొని, తువాలుతో తుడిచి జేబులో పెట్టుకొని, పోయి గోడకు ఆనుకున్నాడు. చివరికి భాయ్ కార్డు, రంగులేసే అన్న కార్డు, నా కార్డు మిగిలాయి. మామ మమ్మల్ని వద్దనలేదు.

ముగ్గురం మిద్దె మీద ఆరేసిన బట్టల మధ్య కూర్చున్నాం. మంట లేవకముందు, మామ తర్వాత ఇంకో ముగ్గురు చాయ్ కోసం వంటగదిలోకి పోయారని తేలింది. పొయ్యి సంగతి ఎవరికీ గుర్తులేదు. మామకు మతిమరుపు ఎక్కువైంది, పప్పులో చక్కెర వేశాడని రంగులేసే అన్న అన్నాడు. "చక్కెర ఏసిండు, అగ్గి ఎయ్యలే గద" అన్నాడు భాయ్. ఒక మనిషి నిద్రపోయే చోటు మా మూడు నోళ్లలో ఉంది. కడకు భాయే అన్నాడు, "తెల్వదు అనుడు గూడ జవాబే కద భాయ్."

కిందికి దిగి నేనే చెప్పాను. "మాకు తెల్వదు. తెల్వనప్పుడు మనిషిని బయటికి పంపద్దు."

కాకా లేచాడు. అరుస్తాడనుకున్నాం. తిన్నగా నాతూర్ దగ్గరికి పోయి, పేరు లేదు, కిటికీ మేమే పెట్టించుకుంటం అని చెప్పి వచ్చాడు. నాతూర్ గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఒక అలవాటు పడింది. వంటగదిలోంచి ఆఖరున వచ్చేవాళ్లు సిలిండర్ కట్టేసి, అందరికీ వినబడేలా "ఖలాస్", అంటే అయిపోయింది, అని కేక వేయాలి. అందరికంటే గట్టిగా మామే వేసేవాడు.

మొన్న ఎయిర్‌పోర్టులో ఆయన చెప్పింది ఇది. "అల్లుడా, ఆ పొద్దు బంద్ చేసిన అన్న గని, చేసిన్నో లేదో నాకే యాదికి లేకుండె."

నాకు కోపం రాలేదు. మేం ముగ్గురం మిద్దె మీద అన్న మాటనే ఆయన ఇన్నేళ్లు లోపల పెట్టుకొని తిరిగాడు. తెల్వదు కద మామా, గట్లనే చెప్పినం అన్నాను. నవ్వి, సంచి భుజానికి వేసుకొని పోయాడు.

ఇంటికి వచ్చేసరికి వంటగదిలోంచి ఎవరో కొత్తవాడు "ఖలాస్" అని అరిచాడు. పొయ్యిని కట్టేసి అలా అరవొచ్చు, గడిచిన కాలం మాత్రం ఎంత కట్టేసినా లోపల సన్నగా వెలుగుతూనే ఉంటుంది. ఇందులో నా తప్పులు చాలానే ఉంటాయి. మేం మామను ఒప్పుకున్నట్టే చదివినవాళ్లు నన్నూ ఒప్పుకొని క్షమించండి.