మావ చూడాల్సిన చివరి కార్డు

మావ పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను శ్రీకాకుళంలో మా ఆఫీసులో, ఎవరిదో కొత్తిల్లు కంప్యూటర్లో త్రీడీలో కడుతున్నాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చి మంచినీళ్లు అడిగాడట. గ్లాసు తెచ్చేలోపే అయిపోయిందట. ఫోన్ పెట్టేశాక కూడా నా కంప్యూటర్లో, తెర మీద బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది మావ ఏరి, తన చేత్తో బిగించిన కార్డు. ఆపడానికి చెయ్యి రాలేదు నాకు.

మావంటే మా అమ్మ తమ్ముడు. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. తక్కువలో గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లెవరైనా ముందు ఆయనకి చూపించాల్సిందే. ఆయనేమో కార్డు వంక చూసేవాడే కాదు. "దీంతోటి ఏటి సేస్తావు?" అని అడిగేవాడు. నీళ్లు నమిలారా, కార్డు ముట్టేవాడు కాదు. సరిగ్గా చెబితే అప్పుడు తీసి, ఎక్కడైనా మాడిందేమోనని వాసన చూసేవాడు, అత్త చేపలు బేరమాడేటప్పుడు చూసినట్టే. ఇంటర్నెట్లో ఎవరో ఇచ్చిన మార్కులు చూపిస్తే, "ఆళ్ల మార్కులు ఆళ్ల కార్డుకి. మన కార్డు మనం సూసుకోవాల" అనేవాడు.

అసలు పరీక్ష తర్వాత. కార్డు తన కంప్యూటర్లో బిగించి, బరువైన బొమ్మల ప్రోగ్రాం ఒకటి ఆడించి, టీ తాగి వచ్చేవాడు. అది బాగా వేడెక్కాక దాని పక్కనే ఒక పాత వీడియో పెట్టేవాడు. అందులో మా అమ్మమ్మ చర్చి మెట్ల మీద కూర్చుని పాట పాడుతూ ఉంటుంది. తీసింది మావే.

"అమ్మ పాట ఇనబడాల. ఫ్యాను పాట కాదు."

పాటయ్యాక కార్డు డబ్బా మీద కాగితం టేపు అంటించి తీర్పు రాసేవాడు. మూడే మూడు రకాలు. 'పనికొస్తాది', 'పనికొస్తాది గానీ', 'వద్దు'. ఆ 'గానీ' తర్వాత ఏముందో తెలియాలంటే కొట్టుకెళ్లి అరగంట కూర్చోవాలి, తప్పదు.

నా కార్డప్పుడు పెద్ద గొడవే పెట్టుకున్నాను. నాకు రంగురంగుల లైట్లు వెలిగేది కావాలి.

"ఒసే, కంప్యూటర్ పెట్టి లోపల లైట్లెలిగితే సూసేదెవులే? నీకు గోడలు తిరగాల, అంతే గదా!"

"అంటే నా మొహానికి సవక కార్డేనా మావా?"

"తక్కువ కార్డంటే సెడ్డ కార్డు కాదే. అదెంత బరువు మోస్తాదో మనకి తెల్సుండాల."

రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇన్నేళ్లలో ఆ కార్డు ఒక్కసారీ మొరాయించలేదు. ఆ ఒక్క ముక్క ఆయనతో అనలేదు నేను. ఏం, నోరు అరిగిపోతుందా? ఇప్పుడు అనాలనుంది.

జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు అత్త కొట్టు తాళాలు నా చేతిలో పెట్టింది. వెళ్లి తెరిస్తే, బల్ల మీద ఒక పాత కార్డు, పక్కన దాని డబ్బా. డబ్బా మీద టేపు అంటించి ఉంది, రాత లేదు. పిల్లలకి పాఠాల వీడియోలు చెయ్యడానికి సైన్సు మాస్టారొకాయన కొనబోతున్న కార్డది. కొట్టు తెరిచి ఉండటం చూసి వచ్చి, ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఇలాటప్పుడు అడక్కూడదమ్మా. మావయ్యగారు ఏటైనా సెప్పారేటి?"

"చెప్పలేదండి. నేను చూస్తాను, రేపు రండి."

అనేశానే గానీ, మావ టేపు మీద తప్పుమాట రాస్తే ఎలా?

వాసన చూశాను. బిగించాను. టీ తాగొచ్చాను, ఆయన తాగే చోటే. వీడియో పెట్టాను. అమ్మమ్మ పాడింది, బొమ్మ ఎక్కడా ఆగలేదు. మావ ఎప్పుడూ పాట అవగానే ఆపేసేవాడు. తర్వాతేముందని అడిగితే, "ఏటీ నేదు, కెమెరా వణుకుతాది" అనేవాడు. ఆ రోజు నేను ఆపలేదు. అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. బొమ్మ పక్కకి ఒరిగింది. మెట్లు, ఎవరివో చెప్పులు. అప్పుడొక చిన్నపిల్ల గొంతు. నాదే.

"మావా, అయిపోనాదా?"

"నేదే. ఇంకాసేపు కూకో."

ఫ్యాను గట్టిగానే తిరుగుతోంది. అయినా ఆ మాటలో ఒక్క అక్షరం మునగలేదు.

టేపు మీద 'పనికొస్తాది' అని రాశాను. 'గానీ' రాయలేదు. మాస్టారు వచ్చేది రేపు గదా, కార్డు విప్పబుద్ధి కాలేదు. ఫ్యాను అలాగే తిరుగుతోంది. మావ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.