కొత్త చెయ్యని మామిడికాయ

మామిడి కొత్త పండగ అయ్యేదాకా మా కొండల్లో ఎవరూ చెట్టుకాయ కొరకరు. ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచి, ముందు వాళ్ళకి ముక్క పెట్టి, తర్వాతే మనం తినాలి. మామ పోయాక మా ఇంట్లో ఆ పిలుపు అత్తదే. అందర్నీ పిలుస్తుంది, అందరికీ పెడుతుంది, తను మాత్రం నోట్లో వేసుకోదు. ఆమె పెద్ద కొడుకుని, అంటే మా బావగారిని, నా పెళ్ళికి చాలా ముందే ఒక సంత రోజున ఎవరో తీసుకెళ్ళారు. ఎవరన్నది ఇప్పటికీ ఎవరూ పైకి అనరు. మనిషి రాలేదు, శవమూ రాలేదు. పేరు పిలిస్తే పోయినవాళ్ళలో కలిపేసినట్టే. పిలవకపోతే ఆమెకి కొత్త పూర్తయినట్టు కాదు. అందుకని అత్త మామిడే మానేసింది.

నేను మైదానం నుంచి వచ్చిన, చర్చికెళ్ళే కోడల్ని. అరకులో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను, పైగా సినిమా పిచ్చి. అప్పుడప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి ఏదో ఒక దేశం సినిమా వేస్తాను. తెర కింద ఇంగ్లీషులో పడే మాటల్ని మైకులో నేనే తెలుగులో చెబుతాను. ఏడుపు సీన్లకి నా గొంతు బాగా పలుకుతుందని ఊళ్ళో పేరు. మా ఆయన మాత్రం సినిమా మొదలవకముందే గురక మొదలుపెడతాడు.

ఈ ఏడు మామిడి పిందె కట్టే రోజుల్లో థాయ్‌లాండ్ సినిమా వేశాను. తీసినామె ఒక సినిమా వర్క్‌షాప్‌లో నాకు స్నేహితురాలైంది. వెనక కంపెనీ లేదు, హీరో లేడు, కెమెరా అద్దెది, నటులు ఆమె ఊరివాళ్ళే. ఒకప్పుడు అక్కడ చదువుకునే పిల్లల మీద కాల్పులు జరిగితే చాలామంది అడవుల్లోకి పారిపోయారట. కొందరు తిరిగి రాలేదు. ఆ సంగతి బడి పుస్తకాల్లో సరిగా చెప్పరు, సూటిగా తీస్తే చిక్కులొస్తాయి. అందుకే సొంతంగా సినిమాలు తీసుకునే ఇలాంటివాళ్ళు తుపాకీ చూపించకుండా, మనిషి లేని ఇల్లో కొండో చూపిస్తూ చరిత్ర చెబుతారు. ఈ సినిమాలో ఉన్నదల్లా కొడుకు కోసం చూసే తల్లి, ఆమె ఎదురుగా కొండ. ఆ కొండ తెరమీద కదలకుండా చాలాసేపు ఉంటుంది.

"ఏటమ్మా, బొమ్మ ఆగిపోనాదా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"లేదు, నడుస్తోంది," అన్నాను మైకులోనే. హాలంతా నవ్వారు.

అంతలో తెరమీద తల్లి మామిడికాయ కోసి, చెక్కు తీసి, కరకరా నమిలింది. ఇంక చూడాలి గోల! "ఓలమ్మో, కొత్త సెయ్యకుండా తినీసింది!" అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళకి ఆ ఆచారం లేదని మైకులో మొత్తుకున్నా వినేవాళ్ళెవరు? నాకు ఒళ్ళు మండి బొమ్మ ఆపేశాను.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న అత్త వెనక్కి తిరిగింది.

"ఆమెని తిట్టకండి. కొత్త సేత్తే కొడుకుని సచ్చినోల్లతో పిలవాల. పిలవడం ఇష్టం నేక తినీసింది. మంచి పనే సేసింది."

నేను మళ్ళీ బొమ్మ వేశాను.

ఇంటికొచ్చి, ఆ షాటుకి అర్థం మా అత్త చెప్పిందని స్నేహితురాలికి పొంగిపోతూ రాశాను. ఆమె జవాబు: "అది మా పిన్ని. ఆ రోజు భోజనం ఆలస్యమైంది, ఆకలేసి తినేసింది. బాగుందని ఉంచేశాను." నా పొంగు చల్లారింది. అత్తకి చెబితే పడీపడీ నవ్వి, "ఆకలేత్తే తినరేటి మరి?" అంది.

తర్వాత మా ఇంట్లో మామిడి కొత్త వచ్చింది. అత్త అందరి పేర్లూ పిలిచి ముక్కలు పెట్టింది. ఏటా అడిగినట్టే కులపెద్ద అడిగాడు, "పెద్దోడినీ పిలవరాదేటి?"

అత్త ఒక అడ్డాకు విస్తరి తీసుకుని మేం కూర్చున్న వరసలోకి వచ్చింది. "ఒరే, కాస్త జరుగు," అంది మా ఆయనతో. ఆయన జరిగాడు. ఆ ఖాళీలో విస్తరి వేసింది.

"ఆడు ఇక్కడ మనతోటి తింతాడు. బేగి వడ్డించండి."

ఆ విస్తట్లో మొదటి ముక్క కులపెద్దే వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆనందంతోనే. అత్త నన్ను పట్టించుకోలేదు. పక్కనే కూర్చుని తన విస్తట్లో ముక్క తీసి కొరికింది, పులుపుకి మొహమంతా చిట్లించింది, నమిలి మింగి, ఇంకొకటి వెయ్యమని విస్తరి నా వైపు తోసింది.