గుండు సిద్ధాంతం

అరకులోయ డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు, కృష్ణబిలాల మీద సెమినార్ ఇవ్వమన్నారు. వాటి గురించి ‘నో హెయిర్ థీరమ్’ అని ఒకటుంది. కొండ ఊళ్ల పిల్లలకు తెలుగులో చెబుదామన్న ఉత్సాహంతో నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను: “గుండు సిద్ధాంతం. శనివారం ఉదయం. అందరూ రండి.”

మా ప్రిన్సిపాల్ గారి తల మీద ఒక్క వెంట్రుక లేదన్న సంగతి నాకు తెలియక కాదు. ఆ క్షణంలో తోచలేదంతే.

పది నిమిషాల్లో కబురొచ్చింది. ఆయనది శ్రీకాకుళం వైపు, చెప్పేది చరిత్ర. బోర్డు మీంచి పీకిన కాగితం ఆయన టేబుల్ మీద ఉంది.

“ఏటమ్మా ఇది? నా మీద సెమినారా?”

“మీ మీద కాదు సార్, కృష్ణబిలం మీద.”

“దానికీ జుట్టు నేదా?”

నవ్వు రాకుండా బుగ్గ కొరుక్కుని వివరించాను. కృష్ణబిలం ఏర్పడి కుదుటపడ్డాక దాని బరువెంత, ఎంత జోరుగా తిరుగుతోంది, విద్యుదావేశం ఎంత, ఈ మూడే బయటికి తెలుస్తాయి. లోపల పడిందేమిటో, దాని రూపమేమిటో ఏ ఆనవాలూ మిగలదు. ఆ ఆనవాళ్లనే జుట్టన్నారు.

“నాకు మూడక్కర్నేదు. బరువొకటి సెప్తే సాలు, మా ఆవిడ గుర్తుపట్టెస్తాది,” అని కాగితం తిరిగిచ్చేశారు.

శనివారం ఆయనే ముందు వరసలో కూర్చున్నారు. పిల్లలు ఓసారి బోర్డునీ, ఓసారి ఆయన తలనీ చూస్తున్నారు. ఇంతలో కాఫీ తోటలున్న ఊరి నుంచి వచ్చే ఫైనలియర్ అమ్మాయి లేచింది.

“మేడం, ఆ బిలంలో బస్తా కాఫీ గింజలు ఏసినా, అంతే బరువు రాగులు ఏసినా ఒకటేనా?”

“ఒకటే. ఏది వేశామో బయట నుంచి చెప్పలేం.”

“మరి మాయమ్మ కొండెక్కి కోసి, ఎండబెట్టిందంతా ఏటయిపోద్ది?”

“దాని గురించి మహామహులే ఇంకా కొట్టుకుంటున్నారు,” అన్నాను.

ప్రిన్సిపాల్ గారు చటుక్కున లేచారు. “అందుకేనమ్మా నేను చరిత్ర సెప్తన్నాను!” అని మైకు లాక్కుని గంటసేపు వదల్లేదు. నా స్లయిడ్లు సగం ఉండిపోయాయి.

బయట మెట్ల మీద ఆ అమ్మాయి నన్ను ఆపింది. “మిగతాయి సూపించండి మేడం.”

టీ కొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. మధ్యాహ్నం బస్సు ఇద్దరికీ తప్పిపోయింది.