ఒక్క ముడి వెడల్పు తివాచీ

కైరువాన్‌లో తివాచీల నాణ్యత చూసి ముద్ర వేసే మా శాలలో తిజానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు ముడులు లెక్కపెట్టాడు. మేమంతా అడ్డం ఎన్నో, నిలువు ఎన్నో చూసి, గుణించేసి, టీ తాగడానికి పోయేవాళ్ళం. ఆయనకు గుణకారం గిట్టదు. తివాచీ తిరగేసి, ఒక్కో ముడి మీద వేలు పెట్టి, అంకె పైకి చదువుతూ లెక్కించేవాడు. మంచివాడే కానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

భార్య పోయిన ఆరేళ్ళకు, నేతగత్తె మబ్రూకాను పెళ్ళాడతానని కబురు పంపాడు. ఆవిడకూ భర్త లేడు. "ముందు నా తివాచీకి ముద్ర పడనీ, అప్పుడు చెప్తా," అంది.

ఆ తివాచీ అడ్డం నాలుగు వందల ముడులు, నిలువు నాలుగు వందల యాభై. మొత్తం లక్షా ఎనభై వేలని బడిపిల్లలైనా చెప్తారు. తిజానీ పదిహేను రోజులు లెక్కపెట్టి, లక్షా డెబ్బై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అన్నాడు.

"ఒకటి కలిపెయ్యవయ్యా, నీ పెళ్ళి సంగతి!" అన్నాను.

"లేని ముడి ఎక్కణ్ణించి తేను?"

చిక్కేమిటంటే, మా కాగితంలో అడ్డం గడినీ నిలువు గడినీ గుణిస్తే మొత్తం రావాలి. తిజానీ ఆ అంకెను రెండుతో, మూడుతో, ఏడుతో భాగిస్తూ నాలుగు వందల ఇరవై నాలుగు దాకా పోయాడు. శేషం లేకుండా ఏదీ పోలేదు. అంతకు పైన పోయేదుంటే దాని జోడీ కిందే దొరికేదట. ఒకటీ, తానూ తప్ప దాన్ని భాగించే నాథుడు లేడు. దాంతో అడ్డం ఒకటి, నిలువు ఆ మొత్తం అని రాసి పంపేశాడు. తొమ్మిది వందల మీటర్ల తివాచీ కోసం పై ఆఫీసు వాళ్ళు రెండు లారీలు పంపారు.

లారీలు చూసి మబ్రూకా శాలలోకి దూసుకొచ్చింది. "ఏమయ్యా తిజానీ! ఎనిమిది నెలలు నేసిన తివాచీని లంగా నాడా చేశావేం?"

"నేను కాదు మబ్రూకా, ఆ అంకె చేసింది."

"ప్రతి వరుసలో నాలుగు వందలూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"వరుసలు?"

"నాలుగు వందల యాభై."

"మరింకేం రోగం?"

"మొత్తం రాలేదు."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "నువ్వు లెక్కపెడుతుంటే నేనొచ్చి సలాం చెప్పాను. బదులిచ్చావు కదూ?"

"సలాంకి బదులివ్వకుండా ఉంటానా?"

"అప్పుడు నీ వేలేం చేస్తోంది?"

తిజానీ మొహం పాలిపోయింది. నోరు సలాం పలికింది, వేలు ముడి దాటేసింది. అంత పట్టుదల మనిషి అలా తల దించుకుంటే నాకు చాలా జాలేసింది. అంకె కొట్టేసి, లక్షా ఎనభై వేలని రాసి, తివాచీ మీద ముద్ర గుద్దాడు.

"ఎవరు సలాం చెప్పినా ముందు వేలు ఆపుతాను," అని గొణిగాడు. "నువ్వు చెప్పినప్పుడే మర్చిపోయాను."

మబ్రూకా తివాచీ చుట్టి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"శుక్రవారం కుస్కుస్ రవ్వ వండుతున్నా, రా," అంది. "గింజలు లెక్కపెట్టావో, పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు."