దాల్చినచెక్క రోల్స్ చేసిన శనివారం

కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్‌లో మా ఎదురింట్లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆంటీ, కంట్లో శుక్లం తీయించుకోవడానికి ఖరగ్‌పూర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ, ఇంటి తాళంచెవీ ఒక గాజు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. తాళంచెవి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. సీసా గురించి మాత్రం పావుగంట చెప్పింది.

అందులో ఉన్నది పులిసిన మైదాపిండి. ఆంటీ దాన్ని ఖమీర్ అంటుంది. బజార్లో దొరికే ఈస్టు లేకుండా రొట్టె పొంగాలంటే ఆ పిండే కావాలి. వాళ్ళమ్మ పెళ్ళయిన కొత్తలో మైదాలో కాసింత తాటికల్లు పోసి మొదలుపెట్టిందట. అప్పటినుంచి రోజూ కొంత తీసేస్తూ, కొత్త మైదా, నీళ్ళు కలుపుతూ బతికించుకుంటూ వచ్చారు. బదిలీలతో నాలుగు ఊళ్ళు మారారు, సీసాలు పగిలాయి, వాళ్ళమ్మ పోయింది. పిండి మాత్రం అదే.

"రోజూ పొద్దున సగం తీసి పారెయ్. మిగిలినదాంట్లో రెండు చెంచాల మైదా, రెండు చెంచాల నీళ్ళు. అంతే. మూడు వారాలు" అంది, సగం హిందీలో, సగం ఇంగ్లీషులో.

"చచ్చిపోతే ఆంటీ?"

"అది పాప కాదు, మై గర్ల్. పిండి. తిండి పెడితే బతుకుతుంది. నీమీద నాకు నమ్మకం ఉంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను అసలే నిద్రపోతున్న మా పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి వస్తోందో లేదో చూసుకునే మనిషిని. బీయస్సీలో వృక్షశాస్త్రం చదివాను కాబట్టి ఏ బూజు ఏ రంగులో ఉంటుందో కూడా తెలుసు. తెలియకపోతే కొంచెం సుఖంగా ఉండేదాన్ని. మర్నాటి నుంచి పొద్దున లేవగానే ముందు పాప దగ్గరికి, తర్వాత సీసా దగ్గరికి వెళ్ళేదాన్ని. పిండిలో బుడగలు కనిపిస్తేనే కాఫీ.

మా అత్తయ్యకి ఇది వేడుకగా ఉండేది. ఆవిడది శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మామయ్యగారు కలకత్తా రేవులో పని చేసిన రోజుల్లో అక్కడి వాట్‌గంజ్‌లో ముప్ఫయ్యేళ్ళు కాపరం చేసింది. ఆయన పోయాక మా దగ్గరే ఉంటోంది.

"ఏటే అది? కుడితి వాసనొస్తంది" అని మొదటిరోజే ముక్కు మూసుకుంది. తర్వాత రోజు, "గుంటకి పాలట్టకముందే సీసాకి మైదా ఎడతన్నావు. ఆలుమగలకి ఒక్కతే అనుకున్నాను గానీ, ఇద్దరన్నమాట" అంది.

తిండి పెట్టడం బాగానే ఉంది. పారెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కు. తినే పిండిని రోజూ మోరీలో పోయడం మా ఇంట్లో జరిగే పనేనా? అత్తయ్య చూస్తుండగా అసలే కాదు. అందుకని తీసిన సగాన్ని పారెయ్యకుండా ఒక స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి, అదే అలమారలో సీసా పక్కన ఉంచేదాన్ని. జనవరి చలి కాబట్టి చెడిపోలేదు. ఇలా జరుగుతుందని ఆంటీ ఊహించే ఉంటుంది. "మనసొప్పకపోతే మిగిలినదాంతో రోల్స్ చేసుకో" అని ఒక పాత క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చింది. ఆవిడ చేసే దాల్చినచెక్క రోల్స్ అంటే మా పాపకి ప్రాణం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని అరగంట కూర్చునే పిల్ల, అవి మాత్రం అడిగి మరీ తింటుంది.

గిన్నె మూడో వారానికి నిండింది. బుధవారం ఆంటీ వస్తోంది. అంతకుముందు శనివారం మా వారికి వర్క్‌షాపులో ఒంటిపూట. రోల్స్ ఆవేళే చేద్దామనుకున్నాను.

"మిగిలిపోయిన పిండంతా ఇవాళ అయిపోవాలత్తయ్యా" అన్నాను పొద్దున్నే, కొంగు బిగిస్తూ. నా నోటితో నేనే అన్నాను.

ఈ రోల్స్‌కి గంటలకొద్దీ పిండి పొంగేదాకా కాచుకునే పని లేదు. పులుపు కోసం, మెత్తదనం కోసం మిగిలిన పిండి, పొంగడానికి బేకింగ్ పౌడరు. గిన్నెలోది మొత్తం వంపి, దానికి రెండింతల మైదా, చిటికెడు ఉప్పు, కాస్త పంచదార, కరిగించిన వెన్న, పాలు పోసి కలిపాను. చపాతీ పిండికన్నా మెత్తగా, చేతికి అంటుకుంటూ ఉంది. ఇంత పలచనేమిటని కాగితం తీసి చూశాను. "అంటుకుంటే భయపడకు" అని రాసి ఉంది. భయపడే మనిషికి ఏం రాసివ్వాలో ఆంటీకి తెలుసు.

చపాతీ పీట చాలలేదు. పెద్ద స్టీలు పళ్ళెం బోర్లించి, మైదా చల్లి, అప్పడాల కర్రతో నలుచదరంగా ఒత్తాను. పైన వెన్న రాసి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లాను. అత్తయ్య పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తోంది.

"దాల్చినచెక్క బిరియానీలో ఏస్తారు గానీ రొట్టిలో ఏటే?"

"తిని చూద్దురుగాని."

చాపలాగా చుట్టాను. చాకుతో కోస్తే చుట్ట నలిగిపోయింది. దారంతో కొయ్యాలని కాగితంలో ఉంది. చుట్ట కిందనుంచి దారం పోనిచ్చి, పైన రెండు కొసలూ అడ్డంగా వేసి లాగాలి. నాకు అర్థమయ్యేలోగా అత్తయ్య పాపని దించి, దేవుడి గూట్లోంచి పూలు కట్టే దారం తెచ్చింది.

"జరుగు. ఉడికిన గుడ్డు మేం ఇలాగే కోసీవోళ్ళం" అని, పన్నెండు ముక్కలూ ఒక్కలాగా కోసి పెట్టింది. తన కోతకి తానే మురిసిపోయి, పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మాకు ఓవెన్ లేదు. ఆంటీకీ లేదు. క్రిస్మస్ ముందు మా కాలనీవాళ్ళంతా కేకు పిండి ఇంట్లో కలుపుకుని, డబ్బాల మీద పేర్ల చీటీలు అంటించి, బజారు మలుపులో ఉన్న బేకరీకి పట్టుకుపోతారు. మిగతా రోజుల్లో కూడా, మధ్యాహ్నం రొట్టెలు దించాక భట్టీలో ఇంకా వేడి ఉంటుంది కాబట్టి, తెలిసినవాళ్ళు తెస్తే బేకరీ దాదా కాల్చిపెడతాడు. నేను ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో రోల్స్ పళ్ళేన్నీ పట్టుకుని వెళ్ళాను.

"ఏమిటి బౌదీ, బడోదిన్ అయిపోయి నెల కావస్తోంది, ఇప్పుడు తెచ్చారు?" అన్నాడు దాదా. అక్కడ అన్నని దాదా, వదినని బౌదీ, క్రిస్మస్‌ని బడోదిన్ అంటారు.

"కేకు కాదు దాదా. ఆంటీ చేసే రోల్స్."

వంగి వాసన చూశాడు. "ఆవిడ ఖమీరే" అని తలూపి, పొడుగాటి చెక్క గరిటె మీద పళ్ళెం పెట్టి భట్టీలోకి తోశాడు.

ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాం. దాల్చినచెక్క వాసన మెల్లగా బజార్లోకి పాకింది. పాన్ దుకాణం దగ్గర నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. పళ్ళెం బయటికి వచ్చేసరికి పన్నెండు చుట్టలూ పొంగి ఒకదాన్నొకటి ఒరుసుకుని, అంచుల్లో పంచదార ముదురు రంగుకి తిరిగి ఉంది. పాప చేతులు చాపి ఎగిరింది. దాదా ఒకటి తీసుకుని రెండు ముక్కల్లో తినేసి, "ఆవిడ కంటే కొంచెం తీపెక్కువ" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాను. దారిపొడుగునా పళ్ళెం మూత తీసి వాసన చూసుకుంటూ ఇంటికొచ్చాను. నేను తలపెట్టిన పని ఒకటి ఇంత సజావుగా జరగడం చాలా రోజుల తర్వాత అదే.

ఇంటికి వచ్చేసరికి మా వారు భోజనానికి కూర్చుని ఉన్నారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన అట్లు. అత్తయ్య పెనం మీంచి తీసి వేడివేడిగా వేస్తోంది.

"తీపి తర్వాత. ముందు కూకో, ఆకలేసుంటాది" అని నా కంచంలో ఒకటి వేసింది. అంచులు కరకరలాడుతూ, మధ్యలో దూదిలాగా ఉంది. సన్నటి పులుపు. నేను మూడు తిన్నాను. మా వారు అయిదో అట్టు తుంచుతూ, "ఏం కలిపావమ్మా ఇందులో, ఇంత బాగున్నాయి?" అన్నారు.

అప్పుడు చూశాను అలమార వైపు. ఆంటీ సీసా తళతళలాడుతూ బోర్లించి ఉంది.

"అత్తయ్యా, సీసాలో పిండి?"

"అట్లు పోసీసినాను. నువ్వే కదేటే అన్నావు, మిగిలిన పిండి ఇయ్యాల అయిపోవాలని? గిన్నిలోది వాడీసినావు, సీసాలోది మర్సిపోనావనుకున్నాను. గళాసుడు బియ్యప్పిండి కలిపీసరికి సక్కగొచ్చింది. సీసా జిడ్డు వొదల్నేదు, మూడుసార్లు తోమినాను" అంది, మెచ్చుకుంటానేమోనని నావైపే చూస్తూ.

పులిసిన పిండి కనిపిస్తే అట్టు పొయ్యాలని తప్ప ఇంకోటి తోచని ఇల్లు మాది. ఆవిణ్ణి ఏమనను? నేనైనా అదే చేసేదాన్నేమో. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆవిడకి విషయం అర్థమైంది. చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

"ఓలమ్మో. ఆళ్ళమ్మ పిండా అది?"

స్టీలు గిన్నె దగ్గరికి పరుగెత్తాను. అంట్లలో నీళ్ళు పోసి నానబెట్టింది నేనే. మా వారు నెమ్మదిగా, "రోల్స్‌లో ఉంది కదా అదే పిండి? మధ్యలో పచ్చిగా ఏమైనా ఉందేమో చూడు" అన్నారు. ఒకటి విప్పి చూశాను. రెండోది విప్పాను. నాలుగు విప్పాను. దాదా చక్కగా లోపలిదాకా కాల్చాడు. పాప మా వెనకే తిరుగుతూ, విప్పిన చుట్టలన్నీ రిబ్బన్లలాగా పట్టుకుని తింటూ పోయింది. ఇల్లంతా దిగులుగా ఉన్న ఆ పూట సంబరంగా ఉన్నది ఆ పిల్లొక్కతే.

"అట్ల పిండి అడుగున ఉంది, ఒక గరిటెడు" అంది అత్తయ్య.

అట్ల పిండి కలిపిన గమేళా తెచ్చి దీపం కింద పెట్టాం. గరిటెడు పిండి, దాని నిండా ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు. ముగ్గురం చుట్టూ కూర్చుని చెంచాలతో ముక్కలు ఏరాం. ఆఖరికి టీ వడకట్టే జల్లెడలో పోసి రుద్దితే రెండు చెంచాల పిండి దిగింది. మైదా, నీళ్ళు కలిపి సీసాలో పోశాను. దాన్ని చూస్తే ఆంటీ పిండిలాగా లేదు. ఉల్లిపచ్చడిలాగా ఉంది.

ఆదివారం ఒక్క బుడగ కూడా రాలేదు. ఉప్పు తగిలితే ఇలాంటివి మందగిస్తాయని నాకు తెలుసు, కానీ ఎంత ఉప్పుకి చస్తాయో తెలియదు. ఖరగ్‌పూర్‌కి ఉత్తరం రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చింపేశాను. వాళ్ళమ్మ చేతి పిండిని పోగొట్టానని ఏ మాటలతో చెప్పాలి?

సోమవారం అత్తయ్య రంగంలోకి దిగింది. "సలికాలంలో ఇడ్లీ పిండి పొంగకపోతే ఊరుకుంటామేటి?" అని సీసాని తన చేతుల్లోకి తీసుకుంది. పైనున్న ఉప్పునీళ్ళు వంచేసి, గోరువెచ్చటి నీళ్ళతో మైదా కలిపి పోసింది. మా వారి మంకీ క్యాపు సీసాకి తొడిగి, బియ్యం డ్రమ్ములో మెడదాకా పాతింది. మంకీ క్యాపు లేకుండా మా వారు దగ్గుకుంటూ డ్యూటీకి వెళ్ళారు.

"దీని ముందు నేనెంత" అన్నారు గుమ్మంలో.

"నువ్వు దగ్గితే మందుంది. అది సస్తే నేదు" అంది అత్తయ్య.

మంగళవారం పొద్దున నేను లేచేసరికి అత్తయ్య సీసా బయటికి తీసి పట్టుకుని డ్రమ్ము ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి చేత్తో రమ్మంది. గాజుకి అంటుకుని ఆవగింజంత బుడగ. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే ఒకటి పైకొచ్చి పగిలింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకున్నాం. బుధవారానికి పిండి సీసాలో సగం దాకా లేచింది. కానీ ఉల్లిపాయ వాసన పోలేదు.

ఆంటీ సాయంత్రం వచ్చింది, నల్లకళ్ళద్దాలతో, కూతురి చెయ్యి పట్టుకుని. చెప్పాల్సింది నేను. పొద్దుటినుంచీ మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య సీసా పట్టుకుని ఎదురెళ్ళింది.

"దీదీ, హమ్ సే గల్తీ హో గియా. ఆప్‌కా మాయీ కా ఖమీర్ హమ్ అట్టు బనాకే ఖా లియా" అంది తనకొచ్చిన హిందీలో, వాళ్ళమ్మ పిండి అట్లు పోసి తినేశామని ఒప్పుకుంటూ, చేత్తో పెనం మీద పిండి తిప్పినట్టు తిప్పి చూపిస్తూ. తర్వాతదంతా నేను చెప్పాను. జల్లెడ సంగతి, మంకీ క్యాపు సంగతి, ఏదీ దాచలేదు.

ఆంటీ కుర్చీలో కూర్చుని సీసా మూత తీసింది. చాలాసేపు వాసన చూసింది.

"ఉల్లిపాయ" అంది.

"అవునాంటీ."

"ఎన్ని అట్లు అయ్యాయి?"

"పదకొండు."

"బాగున్నాయా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నేనే మూడు తిన్నాను ఆంటీ."

ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని హడలిపోయాను. ఆపరేషనైన కన్ను, డాక్టరు ఏడవకూడదని చెప్పి ఉంటాడు. ఏడవడం కాదు, నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు పట్టుకుంటోంది. "మా అమ్మ ఉంటే పన్నెండో అట్టు తనకి పొయ్యమని అడిగేది" అంది.

తర్వాత నవ్వు ఆపి, సీసాని వెలుతురుకి పెట్టి, ఆపరేషన్ కాని కంటితో బుడగలు చూసుకుంది. వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది. "అదే" అంది మెల్లగా, కూతురితో.

"ఇన్నాళ్ళూ ఒక్క ఇంట్లోనే ఉంచడం నా తప్పు. ఇంకో సీసా తీసుకురా" అంది నాతో. నేను తెచ్చిన జామ్ సీసాలోకి సగం పిండి వంచి, చెంచాతో అంచులు గీకి, ముందుకు చాపింది.

"ఇది మీ ఇంట్లో ఉంటుంది. నాది పోతే మీ దగ్గర తీసుకుంటాను. మీది పోతే నా దగ్గర."

మళ్ళీ ఆ భయమంతా నాకెందుకని వెనకాడాను. నా చేతులు లేచేలోపే అత్తయ్య అందుకుంది.

"నాకియ్యి దీదీ. దీనికి కావలసిందేటో నాకు తెలిసిపోనాది" అని తెలుగులోనే చెప్పి, జామ్ సీసాని కొంగులో చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.