చెల్లెలి జ్వరం

మా పెద్దత్త నీళ్లలో జబ్బు క్రిముల్ని వెతికే శాస్త్రవేత్త. ఆ ప్రయోగశాలలో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఇప్పుడు అక్కడ నిలువెత్తు ఫోటో పెట్టారు గానీ, అప్పట్లో కుర్చీ ఇవ్వడానికే వాళ్లకు మనసొప్పలేదు. సింకు పక్కన ముక్కాలిపీట పడేశారు.

పిల్లలూ, ఆ రోజుల్లో పని ఎలా చేసేవారో వింటే మీకు ఒళ్లు జలదరిస్తుంది. క్రిములు పెంచిన నీటిని సన్నటి గాజు గొట్టంతో, నోటితోనే పైకి పీల్చేవారు. గొట్టం మీది కొలత గీత దాకా రాగానే పైకొసను వేలితో మూసేవారు. నోట్లోకి పోకుండా అడ్డంగా కాస్త దూది, అంతే. అంతంత చదువులు చదివినవాళ్లకు ఆ మాత్రం బుర్ర లేకపోయిందేమని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించి పీలుద్దామని అత్త అంటే, భయమైతే ఇంట్లో కూర్చోమన్నాడు ప్రయోగశాల పెద్దసారు.

ఒకరోజు టైఫాయిడ్ క్రిముల్ని పీలుస్తుండగా వెనకనుంచి ఎవరో పిలిచారు. అత్త ఉలిక్కిపడింది. దూది తడిసి, నోట్లో ఉప్పగా తగిలింది. ఉమ్మేసి, పుక్కిలించి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పనిలో పడింది. చెబితే ఇదే సాకుగా సాగనంపుతారని ఆవిడ భయం.

కొన్నాళ్లకు ఒళ్లు వెచ్చబడింది. పడిశెమని ఇంట్లో బొంకింది. తల్లి లేని ఇల్లు, వంట ఆవిడదే. మా చిన్నత్త గారాల పిల్ల, అక్క కలిపి ముద్దలు పెడితే గానీ తినేది కాదు. అక్క జ్వరం తగ్గింది, చెల్లెలికి పట్టుకుంది. టైఫాయిడ్‌కు అప్పటికింకా మందు లేదు. చిన్నత్త పోయింది.

పెద్దత్త ప్రయోగశాలకు వెళ్లి అందరి ముందూ జరిగింది చెప్పేసింది.

"అయిందేదో అయింది. బయట మాత్రం అనకమ్మా, మన పరువు పోతుంది," అన్నాడు పెద్దసారు.

ఆవిడ వినలేదు. ఉద్యోగం ఊడినా ప్రయోగశాలలన్నీ తిరిగి, తన తప్పు తనే చెప్పుకుంది. కొందరు మొహం మీదే నవ్వారు. గొట్టాన్ని నోట పెట్టకూడదన్న నియమం వచ్చేసరికి ఆవిడ జుట్టు తెల్లబడిపోయింది.

ఒకసారి ఆవిడను బడికి పిలిస్తే నేనూ తోడు వెళ్లాను. ఏం కనిపెట్టారని ఒక పాప అడిగింది.

"ఏమీ లేదు తల్లీ. జ్వరం వచ్చిన రోజే చెప్పి, వంటింటికి దూరంగా ఉంటే మా చెల్లి బతికేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు," అంది పెద్దత్త.