నొప్పి లేని మోకాలు

నేను విశాఖ బస్సు ఎక్కకముందే మా ఊరి కాలువ లాకుల దగ్గర నా ఫ్లెక్సీ కట్టేశారు. "నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పూర్తిచేసి మన ఊరి పేరు నిలబెట్టిన లెక్కల టీచరు గారికి అభినందనలు" అని ఎర్రటి అక్షరాలు, పక్కన నా ఫొటో. ఓటరు కార్డులో ఫొటోనే పెద్దది చేయించారు కాబట్టి నిద్రలోంచి లేపి నిలబెట్టిన మనిషిలా ఉన్నాను. పరుగు ఆదివారం. ఫ్లెక్సీ కట్టింది శుక్రవారం.

"ఇదేంటి బాబూ, ఇంకా పరిగెత్తనే లేదు కదా" అన్నాను మా మరిదితో. లాకుల పక్కనే అతని జిరాక్సు షాపు. ఊళ్లో ఎవరికి ఏ ఫ్లెక్సీ కట్టాలన్నా పెత్తనం అతనిదే.

"ఆదివారం ఫ్లెక్సీ షాపు మూసేస్తారండి వదినగారూ. సోమవారం ఇస్తే బుధవారానికి గానీ చేతికి రాదండి. అప్పటికి ఎవరికి గుర్తుంటుందండీ."

కోప్పడినట్టు నటించాను గానీ లోపల మురిసిపోయాను. ఎదురుగా హోటలు బల్ల మీద కూర్చున్నవాళ్లు నన్నూ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూస్తుంటే చీర కొంగు సర్దుకుని మరీ నడిచాను.

నలభై ఏళ్లు దాటాక మొదలుపెట్టాను ఈ పరుగు. మావారు మస్కట్‌లో ఉంటారు, పిల్ల హాస్టల్లో ఉంటుంది. తెల్లవారుజామున ఖాళీగా ఉండే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక కాలువగట్టు మీద పరిగెత్తడం మొదలుపెట్టాను. మొదటి నెలంతా ఎదురైనవాళ్లు సైకిళ్లు ఆపి "ఏమైందండీ, ఎవరికన్నా ఒంట్లో బాగోలేదాండీ" అని అడిగేవారు. మా వైపు ఆడమనిషి పరిగెత్తిందంటే ఆసుపత్రి పని అయ్యుండాలి. ఒకాయనైతే నన్ను బండి ఎక్కించుకుని అమలాపురం దాకా దించుతానని బతిమాలాడు. రెండేళ్లకి అందరూ అలవాటుపడ్డారు. "టీచరుగారు ఈవేళ ఆలస్యమయ్యేరు" అని నన్ను చూసి టైము చెప్పుకునేవారు కూడా.

కోనసీమ నేల అరచేయంత చదును. ఎత్తు అనేది చూడాలంటే బోడసకుర్రు వంతెన ఎక్కాలి, అంతే. నేను ఆ సంగతి ఆలోచించలేదు. లెక్కల టీచర్ని, కిలోమీటర్లు కూడుకున్నాను గానీ అవి ఎక్కడి కిలోమీటర్లో చూసుకోలేదు.

విశాఖలో ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర రోడ్డు మలుపు తిరిగి కొండెక్కింది. అప్పటిదాకా పక్కన సముద్రం, చల్లటి గాలి, రోడ్డు పక్కన చప్పట్లు. మలుపు తిరగగానే నల్లటి రోడ్డు నా ముఖానికి ఎదురుగా నిలబడింది. దాని మీద నాకంటే ముందు వెళ్తున్నవాళ్ల వీపులు చిన్నవైపోతున్నాయి. కాళ్లు నొప్పిగా ఉన్నాయి, నిజమే, ఆ సరికి అందరి కాళ్లూ అలాగే ఉంటాయి. ఊపిరి బాగానే ఆడుతోంది. ఒక్క అడుగు కూడా తడబడలేదు. కానీ ఆ ఎత్తు చూసేసరికి లోపల ఎవరో దీపం ఊదేసినట్టయింది. వెళ్లి కాలిబాట మీద కూర్చున్నాను.

పసుపు టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతి వచ్చి "ఏమైంది మేడం" అని అడిగింది.

"మోకాలు" అన్నాను.

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలీదు. ఆ పిల్ల నమ్మింది. నన్ను చెయ్యిపట్టి లేపి, వెనకబడ్డవాళ్ల కోసం తిరుగుతున్న బస్సు ఎక్కించింది. నేను కుంటుతూ ఎక్కాను.

ఊరికి వచ్చేసరికి కుంటడం తప్పనిసరైంది. బస్సు దిగగానే మా మరిది, ఇంకో పదిమంది ఉన్నారు. ఫ్లెక్సీ కింద నిలబడి ఉన్నారు. "మోకాలు పట్టేసింది" అన్నాను. "అయ్యో" అన్నారు. అంతే. ఒక్కరు కూడా ఫ్లెక్సీ వైపు చూడలేదు.

మర్నాటి నుంచి మందులు మొదలయ్యాయి. పక్కింటావిడ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి తెచ్చారు. ఎదురింటివాళ్లు జిల్లేడాకులకి ఆముదం రాసి, వెచ్చజేసి, దగ్గరుండి కట్టి వెళ్లారు. మస్కట్ నుంచి వస్తున్న ఎవరి చేతో మావారు పచ్చరంగు నొప్పి నూనె సీసా పంపించారు. నేను మంచం మీద కూర్చుని, ఏ జబ్బూ లేని మోకాలికి మూడు పూటలా సేవలు చేయించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. క్లాసులో బోర్డు దగ్గరికి వెళ్లాలన్నా కుంటాలి. ఒక్కోసారి మరిచిపోయి మామూలుగా నడిచేసి, సగం దూరంలో గుర్తొచ్చి కుంటేదాన్ని.

ఫ్లెక్సీ తీసేయమని మా మరిదికి నాలుగుసార్లు చెప్పాను. ఒకసారి నిచ్చెన లేదన్నాడు. ఒకసారి ముడి బిగుసుకుపోయిందన్నాడు. మూడోసారి తల ఊపి ఊరుకున్నాడు. నాలుగోసారి నేను గట్టిగానే అరిచాను. "ఆయ్, తీసేత్తానండి" అన్నాడు. తీయలేదు. నా పరువు బజార్లో వేలాడుతుంటే ఇతనికి చీమ కుట్టినట్టయినా లేదని కుతకుతలాడిపోయాను. లాకుల దారి మానేసి చుట్టూ తిరిగి బడికి వెళ్లేదాన్ని.

మూడో వారానికి కాళ్లు ఊరుకోవడం మానేశాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చేది, పాదాలు దుప్పట్లో కదిలేవి. కానీ రోడ్డెక్కడం ఎలా? నా మోకాలు బాగోలేదని ఊరంతా తెలుసు. అబద్ధం ఆడినంత తేలిగ్గా ఆ నొప్పిని తగ్గించుకోవడం కుదరదు. అందుకని పెరట్లో మా కొబ్బరితోటలోకి వెళ్లి, చెట్ల మధ్యన అటూ ఇటూ దొంగలా పరిగెత్తడం మొదలుపెట్టాను. వంద అడుగులు అటు, వంద అడుగులు ఇటు. తోట దాటగానే మళ్లీ కుంటడమే.

ఆ రోజు దింపు రోజని మరిచిపోయాను. నలభై అయిదు రోజులకోసారి కాయలు దించడానికి ఒక పెద్దాయన వస్తారు. అరవై దాటాయి. మా మావగారి కాలం నుంచీ ఆయనే. నేను ఆరో చుట్టు తిరుగుతుండగా పక్క చెట్టు మీంచి దబ్బున గెల పడింది. తలెత్తి చూస్తే ఆయన మొవ్వు దగ్గర ఆకుల్లో కూర్చుని ఉన్నారు.

ఆయన ఎక్కడం నేను పాతికేళ్లుగా చూస్తున్నాను. అంటే కళ్ల ముందు జరుగుతుండేది, అంతే. ఆ ఉదయం మొదటిసారి చూశాను. కాళ్లకి తాడు బంధం వేసుకుని, చెట్టుని ఒకసారి అరచేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకి అద్దుకుని ఎక్కుతారు. మొదట్లో తొందరపడరు, చివర్లో నెమ్మదించరు. కిందనుంచి మీద దాకా ఒకటే నడక. చేతులు రెండూ చెట్టుని వాటేసుకుంటాయి, పాదాలు మడుచుకుంటాయి, మనిషి జానెడు పైకి జరుగుతాడు. మళ్లీ చేతులు. పైకెళ్లాక కత్తి వెనక్కి తిప్పి పిడితో కాయని కొట్టి, ఆ చప్పుడు విని, ముదిరిందా లేదా తేల్చుకుంటారు. దిగి, మంచినీళ్లు కూడా తాగకుండా పక్క చెట్టుకి చెయ్యి ఆనిస్తారు. పొద్దెక్కేలోపు నలభై చెట్లు. నేను లెక్క కట్టుకున్నాను. నేను ఒక్కసారి చూసి కూలబడ్డ కొండని ఈయన ప్రతి ఉదయం నలభై ముక్కలుగా ఎక్కి దిగుతున్నారు. ఆయనకి ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. నాకు చేతులెత్తి దణ్నం పెట్టాలనిపించింది.

దిగొచ్చి తాడు విప్పుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు. "మోకాలు తగ్గినట్టుందండి టీచరుగారూ."

ఆయన కాసేపు కత్తి నూరుకున్నారు. తర్వాత మూలన ఒంటరిగా ఉన్న పొడవాటి చెట్టు చూపించారు.

"అప్పుడు నాది మంచి వయసండి, ఆ చెట్టు సగం ఎక్కి ఆగిపోయేనండి. ఏం కాలేదండి. బంధం తెగలేదు, గాలి లేదు. కిందకి చూసేను, కాళ్లు కదల్లేదండి. దిగిపోయి తేలు కుట్టిందని చెప్పేను."

"ఎవరికి బాబాయిగారూ?"

"మీ మావగారికేనండి. ఆయనేమీ అనలేదండి. కూర్చోబెట్టి పసరు కట్టేరు. ఆ తర్వాత రెండు రోజులు ఇంటికొచ్చి మరీ కట్టు మార్చేరండి."

"తర్వాత ఎలా ఎక్కేరు?"

"పైకెళ్లాలనుకోలేదండి. ఆగిపోయిన చోటు ఉంది కదండీ, అక్కడిదాకానే ఎక్కేను. చెట్టు మీద చెయ్యేసి దిగిపోయేను. మర్నాడూ అంతేనండి. నాలుగో రోజు చెయ్యి దానంతటదే ఇంకో జానెడు పైకెళ్లిందండి." నవ్వారు. "ఇప్పటికీ ఆ చెట్టు ఎక్కినప్పుడు అక్కడ ఓసారి ఆగుతానండి."

ఆయన మళ్లీ బంధం వేసుకున్నారు. సరిగ్గా ఆ చెట్టే. సగంలో ఆగడం చూశాను, ఒక్క క్షణం. అంత ఎత్తులో, చెట్టుకి చెంప ఆనించి.

మర్నాడు తెల్లారకుండానే రోడ్డెక్కాను. కుంటకుండా. ఎవరో ఒకరు మోకాలి సంగతి ఎత్తుతారని భయం. పాలాయన ఎదురయ్యాడు. "వెళ్తున్నారాండీ" అన్నాడు. ఆకుకూరల బండామె నవ్వింది. ఎవరూ ఏమీ అడగలేదు. వంతెన మొదట్లో ఆగి, ఎత్తు చూశాను. మధ్యదాకా ఎక్కి, పిట్టగోడ మీద చెయ్యేసి, దిగిపోయాను. అంతే ఆ రోజుకి. మూడో రోజు అవతలి ఒడ్డు దాకా వెళ్లాను. ఆ వారం చివరికి ఎక్కి దిగి, ఎక్కి దిగి ఎన్నిసార్లో లెక్క మరిచిపోయాను.

ఒక ఉదయం వంతెన మధ్యలో ఉండగా మంచు విడింది. కింద పారే వైనతేయ నది ఇంత వెడల్పుగా ఉంటుందని అన్నేళ్లలో నాకు తెలియలేదు. ఒక్క నాటుపడవ, దాని వెనక ఒడ్డు నుంచి ఒడ్డుకు పాకుతున్న సన్నటి అల. నీళ్లు సముద్రం వైపు తొందర లేకుండా పోతున్నాయి. అక్కడ నిలబడి, ఇవి నా కాళ్లేనా, నన్ను ఇక్కడిదాకా ఇవే మోసుకొచ్చాయా అని వంగి చూసుకున్నాను.

తిరుగుదారిలో లాకుల దారి పట్టాను. నెలన్నర తర్వాత. మా మరిది అప్పుడే షాపు తీస్తున్నాడు.

"బాబూ, నీకో మాట చెప్పాలి. నా మోకాలికి ఏమీ కాలేదు. ఎప్పుడూ కాలేదు. కొండ చూసి భయమేసి బస్సెక్కేసేను."

అతను షట్టరు ఎత్తుతూనే "ఆయ్, తెలుసండి" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మీరు బస్సు దిగినప్పుడు ఎడంకాలు కుంటేరండి. మర్నాడు బడికెళ్తా కుడికాలు కుంటేరు. అందరూ చూసేరండి."

అందరూ. కర్పూరం నూనె కాచినావిడ, జిల్లేడాకులు కట్టినవాళ్లు, హోటలు బల్ల మీదవాళ్లు. మా మావగారు లేని తేలుకి మూడు రోజులు పసరు కట్టిన సంగతి అప్పుడు అర్థమైంది నాకు.

"మరి ఆ మందులన్నీ ఎందుకు?"

"నొప్పని మీరు చెప్పేరు కదండీ. లేదని మేమెలా అంటామండీ."

ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించాను. "పోనీ, ఆ ఫ్లెక్సీ ఎందుకు తీయలేదు? నిచ్చెన లేకనా?"

అతను మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "తీసేత్తే, మీరింక పరిగెత్తరని మేం ఒప్పేసుకున్నట్టవుద్ది కదండీ వదినగారూ."

నాకు ఏడుపొచ్చింది, అక్కడే, రోడ్డు మీదే ఏడ్చాను. అతను మర్యాదగా కాగితాల కట్టలు సర్దుకుంటూ ఉండిపోయాడు. ముఖం తుడుచుకుని తలెత్తి ఫ్లెక్సీ చూశాను. ఎండకీ వానకీ నా ముఖం వెలిసిపోయి గుర్తుపట్టేలా లేదు. ముడి వదులై ఒక మూల ఊడింది. అతన్ని కుర్చీ అడిగి తెచ్చుకుని, ఎక్కి, ఆ మూల నేనే లాగి గట్టిగా కట్టాను.